చర్మపు పొరలు – నల్లజీడి నేర్పే పాఠం

మన దేహంలో అన్నిటికంటె పెద్ద అవయవమేదని అడిగితే చాలామంది కాలేయమనో, ఊపిరితిత్తులనో చెబుతారు. నిజానికి అది చర్మం. ఎదిగిన మనిషి చర్మాన్ని విప్పి పరచగలిగితే ఒకటిన్నర నుండి రెండు చదరపు మీటర్ల వైశాల్యం ఉంటుంది. ఇంత విశాలమైన కవచంలో బయటి ప్రపంచాన్ని ఎదుర్కొనే బాహ్యచర్మం మాత్రం, అరచేతులు, అరికాళ్ళు మినహాయిస్తే, సగటున 0.1 మిల్లీమీటరు మందమే. కనురెప్పలపైన అందులో సగం.

నేను వైద్యం చేసే అశ్వారావుపేట 2016 వరకు ఖమ్మం జిల్లాలోను, ఆ తరువాత భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోను ఉన్నది. ఊరి చుట్టూ పామాయిల్ తోటలు, జీడిమామిడి తోటలు. వాటిని దాటితే అడవి. తోటలో జీడిమామిడి, అడవిలో నల్లజీడి. నల్లజీడినే మన శాస్త్రాలు భల్లాతకమన్నాయి. చర్మ నిర్మాణాన్ని బోధపరచడానికి ఈ రెండు జీడులను మించిన ఉపాధ్యాయులు లేరని నా అభిప్రాయం. అన్నట్టు, జీడిమామిడి మన దేశపు చెట్టు కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు తెచ్చినది. నల్లజీడి, మామిడి, జీడిమామిడి మూడూ ఒకే వృక్షకుటుంబానికి చెందినవని వృక్షశాస్త్రం చెబుతున్నది. మన వాళ్ళు కొత్త చెట్టుకు పెట్టిన పేరులో ఆ బంధుత్వం అంతా ఇమిడి ఉన్నది!

చర్మానికి పొరలున్నాయని మన ప్రాచీనులకు తెలుసు. చరకుడు ఆరు పొరలు చెప్పగా, సుశ్రుతుడు అవభాసిని మొదలు మాంసధర వరకు ఏడు చెప్పాడు. కాగే పాలపై మీగడ కట్టినట్లు గర్భంలో ఈ పొరలు ఏర్పడతాయన్నాడు. వాటి మందాన్ని వడ్లగింజతో కొలిచి, అవభాసిని గింజలో 18వ వంతనీ, మాంసధర రెండు గింజలంతనీ లెక్క చెప్పాడు. ఈ ఏడింటిని నేటి సూక్ష్మదర్శిని చూపే పొరలతో ఒకదానికొకటి జతచేసే పట్టికలు కొన్ని పుస్తకాలలో కనిపిస్తాయి. అది వృథా ప్రయాస. గమనించవలసినది వేరొకటి ఉన్నది. సిధ్మం మొదటి పొరలో, నల్లమచ్చలు రెండవ పొరలో, విద్రధి, భగందరం ఏడవ పొరలో పుడతాయని ఆయన వ్యాధులను లోతునుబట్టి విభజించాడు. చర్మవ్యాధిని చూడగానే వైద్యుడు ఈనాటికీ వేసుకొనే మొదటి ప్రశ్న అదే: ఎంత లోతు?

ఇక సూక్ష్మదర్శిని క్రింద చూద్దాం. బాహ్యచర్మపు అడుగున ఒకే వరుసలో నిలిచిన కణాలు నిరంతరం విభజన చెందుతూ ఉంటాయి. పుట్టిన కణం పైకి జరుగుతూ, కెరటిన్ అనే గట్టి మాంసకృత్తును నింపుకొంటూ, చివరకు చదునై, జీవం కోల్పోయి, పెచ్చుగా రాలిపోతుంది. ఈ ప్రయాణానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. స్నానంలో నలుగు పెట్టినప్పుడు రాలే మట్టిలో చాలాభాగం ఈ మృతకణాలే. పైపొరలో అవి ఇటుకల వలె పేర్చబడి ఉంటే, వాటి మధ్య కొవ్వు పదార్థాలు సున్నం వలె అతుకుతాయి. అందుకే గంటసేపు నీళ్ళలో ఉన్నా నీరు మన లోపలికి ఇంకదు. అయితే కొవ్వులో కరిగే పదార్థానికి ఆ సున్నమే దారి ఇస్తుంది. మన తైలాభ్యంగనాలు, లేపనాలు ఈ దారినే ఆధారం చేసుకొన్నవి. జీడి రసమూ ఈ దారినే లోపలికి పోతుంది.

అక్కడ ఒక కావలివాడుంటాడు. 1868లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్యవిద్యార్థి బాహ్యచర్మంలో కొమ్మలు చాచిన కణాలను కనుగొని, వాటిని నాడీకణాలుగా భావించాడు. అవి రోగనిరోధక వ్యవస్థకు చెందినవని తేలడానికి నూరేళ్ళు పట్టింది. జీడినూనె చర్మపు మాంసకృత్తులకు అంటుకోగానే ఈ కణాలు దానిని పసిగట్టి, సమీపంలోని లసికాగ్రంథులకు వెళ్ళి అక్కడి తెల్లకణాలకు ఆనవాలు చూపిస్తాయి. మొదటిసారి ఈ శిక్షణకు పదిరోజులో, ఇంకా ఎక్కువో పడుతుంది. రెండవసారి అదే నూనె తగిలితే ఒకటి రెండు రోజులలోనే దండు దిగుతుంది. దురద, ఎరుపు, ఆపైన పొక్కులు. జీడి తగిలిన రోజున ఏమీ కాదు కనుక, ముందురోజు తిన్న వంకాయ కూరను నిందించేవారు మా ఊరిలో కోకొల్లలు. చిక్కని రసం నేరుగా పడితే మాత్రం ఏ శిక్షణా లేకుండానే మొదటిసారే చర్మం కాలిపోతుంది.

గత వేసవిలో ఒక గృహిణి నా వద్దకు వచ్చారు. మోకాలి నొప్పికి ఎవరో చెప్పగా నల్లజీడి రసం తానే పూసుకొన్నారట. మోకాలు పొక్కినది సరే, రెండు కనురెప్పలూ తెరవలేనంతగా వాచాయి. రసం పూసిన అరచేతికి మాత్రం చిన్న మచ్చయినా లేదు! అరచేతి పైపొర దళసరి. నూనె లోపలికి చేరలేదు. ఆ చేతితోనే కళ్ళు తుడుచుకోవడం వలన అతి పలుచని చర్మానికి చేరింది. చర్మపు పొరల గురించి ఇంతకంటె స్పష్టంగా ఏ చిత్రపటం చెప్పగలదు?

పూర్వం రజకులు బట్టలపై గుర్తు పెట్టినది ఈ రసంతోనే. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో భారతదేశంలో ఉన్న అమెరికా సైనికులకు, చాకలి గుర్తు మెడకు తగిలిన చోట పొక్కులు లేచిన ఉదంతాలు వైద్యపత్రికలకు ఎక్కాయి. వారి దేశంలోని పాయిజన్ ఐవీ తీగ కూడ జీడి కుటుంబానిదే.

ఇంట్లో ఏమి చేయాలి? తగిలిన వెంటనే, పది పదిహేను నిమిషాలలోపే, సబ్బుతో, ధారాళమైన నీటితో కడగాలి. కొబ్బరినూనె రాయడం మన ఆచారం. నూనెలో జీడి కరుగుతుంది కనుక, రాసి అలాగే వదిలితే అది మరింత మేర ప్రాకుతుంది. నూనె గుడ్డతో తుడిచి, ఆపైన సబ్బుతో కడిగితే మేలు. గోళ్ళ సందులు మరువరాదు. కట్టుబట్టలు విడిగా ఉతకాలి. పొక్కులు లేచిన తరువాత చల్లని తడిగుడ్డ వేయడం, మంట తగ్గాక నెయ్యి గాని కొబ్బరినూనె గాని పలుచగా రాయడం చాలు. పొక్కులోని నీరు మన రక్తంలోనుండి ఊరినదే. దానివలన వ్యాధి ప్రాకదు. పొక్కును చిదిమితే మాత్రం చీము పడుతుంది.

భల్లాతకాన్ని ఔషధంగా వాడేముందు ఇటుకపొడిలో రుద్ది శుద్ధి చేయాలని శాస్త్రం. ఆ శుద్ధి చేసే చేతులకే ప్రమాదం కనుక అది గృహవైద్యం కానేకాదు. దిష్టి తీసి జీడిగింజను నిప్పులో వేసే ఇళ్ళలో, ఆ పొగ పసిబిడ్డ ముఖానికి తగలనీయవద్దు. పొగతోపాటు నూనె తుంపరలు లేస్తాయి. ముఖం వాచినా, ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా, రంగు మారినా వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి.

పొక్కులు మానిన చోట నల్లమచ్చ మిగులుతుంది. బాహ్యచర్మపు అడుగువరుస దెబ్బతిన్నప్పుడు అందులోని మెలనిన్ రంగు క్రింది అంతశ్చర్మంలోకి జారుతుంది. పై కణాలు నాలుగు వారాలకు రాలిపోతాయి గాని, క్రిందికి జారిన రంగు తొలగడానికి నెలలు పడుతుంది. ఈలోగా ఎండ తగలనీయకుండా కప్పుకోవాలి. తెల్లబరుస్తామనే క్రీములలో తరచు స్టెరాయిడ్లు ఉంటాయి; వైద్యుడు చెప్పనిదే వాటిని ముట్టుకోవద్దు.