జల్లెడలో దొరికిన బల్లులు

పిల్లలూ, రాక్షసబల్లి అనగానే ఇల్లంత ఆకారం మన కళ్ల ముందు నిలుస్తుంది. హైదరాబాదు బిర్లా మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరాన్ని చూసినవాళ్లు మీలో ఉండే ఉంటారు. అది ప్రాణహిత-గోదావరి లోయలో, యామనపల్లి దగ్గర దొరికింది. అదే లోయలోని కోటా శిలల్లో, 16 కోట్ల ఏళ్లకు పైబడిన ఆ పొరల్లో, వేలెడంత ప్రాణులూ ఉన్నాయి. వాటి దవడలు చాలావరకు బియ్యపు గింజంత ముక్కలుగానే మిగిలాయి.

ఇంత చిన్నవాటిని సుత్తితో వెతకలేం. పాత ఆదిలాబాదు జిల్లా రెబ్బన దగ్గర, పైకాసిగూడెంలో శాస్త్రవేత్తలు చేసిన పని మన వంటింటి పనిలాంటిదే. మట్టిని సంచులకెత్తి, ఎండబెట్టి, నీళ్లలో నానబెడతారు. బాగా ఎండిన బంకమట్టి నీళ్లు పీల్చుకుని తనంతట తానే విడిపోతుంది. పచ్చి ముద్ద అలా విడిపోదు. (రెండు గ్లాసుల్లో వేసి చూడండి, అమ్మ కోప్పడితే మా పేరు చెప్పండి.) ఆ బురదను సన్నని జల్లెడలో కడిగితే ఇసుక, చేప పొలుసులు, పళ్లు, ఎముక ముక్కలు మిగులుతాయి. వాటిని ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద పలచగా పరచి, తడి కుంచె మొనతో ఒక్కొక్కటే ఏరతారు. ఒక్కోసారి సంచెడు మట్టిలో ఏమీ ఉండదు.

అలా దొరికిన దవడలకు 2001లో సుసాన్ ఇవాన్స్, జి.వి.ఆర్. ప్రసాద్, మన్హాస్ పేర్లు పెట్టారు: రెబ్బనాసారస్, గోదావరిసారస్. ఒకటి ఊరి పేరు, ఒకటి నది పేరు. తెలుగు చెప్పుకునే మాకు ఇంతకంటే ఏం కావాలి! ఈ రెండింటికీ ఈనాడు బతికున్న చుట్టం ఒక్కటే, న్యూజిలాండ్‌లోని టువటారా. దాని పళ్లు మన పళ్లలా గుంటల్లో దిగి ఉండవు, దవడ అంచుకే అతుక్కుని ఉంటాయి. మరుసటి ఏడు పేరు పెట్టిన భారతగామా పళ్లూ అలాంటివే. దాన్ని తొండల బంధువన్నారు. కాదేమో, టువటారా వైపుదేమో అని తర్వాత కొందరు సందేహించారు. దవడ ముక్కతో వంశం చెప్పడం అంత తేలిక కాదు మరి.

అయినా వాదించడానికి ఆ ముక్క ఏ ఊరిదో, ఏ పొరదో తెలుసు. మా బిస్కెట్ డబ్బాలో ఆకు అచ్చున్న రాయి ఒకటి ఉంది, నాలుగు బదిలీల కిందట ఒక విద్యార్థి ఇచ్చింది. సామాను సర్దేటప్పుడు చీటీ ఊడిపోయింది. అతని గుండ్రటి చేతిరాత గుర్తుంది, రాసిన ఊరి పేరు గుర్తులేదు. వాళ్ల నాన్నగారికీ బదిలీ అయింది. ఆ రాయి ఏ కాలానిదో ఇక ఎవరూ చెప్పలేరు.

మీకెక్కడైనా రాతిలో ఎముకలాంటిది కనిపిస్తే తవ్వకండి. పక్కన పెన్సిలు పెట్టి ఫొటో తీసి, ఊరు, వాగు, తేదీ నోటుపుస్తకంలో రాసి, మీ సైన్సు టీచరుకు చూపండి. ఇప్పటికే ఇంట్లో రాళ్లుంటే చీటీని నమ్ముకోవద్దు. రాయి మీద ఓ మూల సిరాతో అంకె వేసి, అదే అంకె ఎదురుగా పుస్తకంలో ఊరి పేరు రాయండి, ఈసారి సామాను కట్టకముందే.