పిట్స్‌బర్గ్ వెళ్తున్నారా? తిత్తి పట్టి చూడండి

ఎంఎస్ కోసం అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఉన్న కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి వెళ్లే మన పిల్లలకు అక్కడి కంప్యూటర్ సైన్స్ గురించి చెప్పక్కర్లేదు. అదే క్యాంపస్‌లో బ్యాగ్‌పైప్‌లో డిగ్రీ కూడా చేయవచ్చంటే మాత్రం నమ్మరు. యూనివర్సిటీకి పునాది వేసిన ఆండ్రూ కార్నెగీ 1835లో స్కాట్లండ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్‌లో ఓ చేనేత కార్మికుడి ఇంట పుట్టాడు. ఆ స్కాటిష్ వాసన అక్కడి పైప్ బ్యాండ్‌లో ఇప్పటికీ ఉంది. డిగ్రీ మాట పక్కన పెట్టండి. బ్యాండ్‌లో చేరడానికి సంగీతం మెయిన్ సబ్జెక్టు కానక్కర్లేదు.

నిజానికి ఈ వాయిద్యం మనకు మరీ పరాయిదేం కాదు. మన వీధినాటకాల్లో శ్రుతి కోసం మేకతోలు తిత్తి ఊదేవారు. మన తిత్తి శ్రుతితోనే ఆగింది. వాళ్ల సంచికి శ్రుతినిచ్చే మూడు గొట్టాలతో పాటు పాట పలికించే చాంటర్ ఒకటి ఉంటుంది.

చేరిన రోజే సంచి చేతికిస్తారనుకోకండి. మొదటి కొన్ని నెలలు చేతిలో ఉండేది ప్రాక్టీస్ చాంటర్ అనే సన్నటి గొట్టమే. పలికేవి తొమ్మిది స్వరాలు. కర్ణాటక సంగీతం వచ్చినవాళ్లు వినగానే హరికాంభోజి దగ్గరి చుట్టంలా ఉందే అంటారు. చిక్కు స్వరాల్లో లేదు. సంచి ఊదడం మొదలయ్యాక నాదం ఆగదు, నాలుకతో తెంపడానికి వీల్లేదు. మరి ఒకే స్వరాన్ని రెండుసార్లు పలికించేదెలా? ఎడమ చేతి చూపుడు వేలు రెప్పపాటు పైకెత్తి దించాలి. ఆ చిన్న చిటుక్కుమనే స్వరమే రెండింటినీ విడదీస్తుంది. గ్రేస్ నోట్ అంటారు దాన్ని. తొలి నెలల సాధనలో పెద్ద భాగం ఈ వేలి పనే. విసుగొస్తుంది. చాలామంది జారుకునేది ఇక్కడే.

తర్వాత సంచి. ఊపిరి పీల్చుకునే క్షణంలో చంకలోని సంచిని చేయి నొక్కి పట్టాలి. ఒత్తిడి కాస్త తగ్గినా శ్రుతి తప్పినట్టే, పక్కవాడు వెంటనే తిరిగి చూస్తాడు.

పైప్ బ్యాండ్‌లో పైపులే కాదు, డ్రమ్ములూ ఉంటాయి. అటు వెళ్తే స్నేర్, టెనర్, బేస్ ఉంటాయి. మృదంగం నేర్చినవాళ్లకు లెక్క ముందే వంటబట్టి ఉంటుంది, కర్ర పట్టే తీరే కొత్త. సాధన రబ్బరు ప్యాడ్ మీద. రూమ్మేట్లకూ అదే మేలు.

అన్ని యూనివర్సిటీ బ్యాండ్లూ ఒకటి కావు. కెనడాలో సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీ పేరుతో ఉన్న బ్యాండ్ గ్లాస్గోలో జరిగే ప్రపంచ పోటీల్లో ఆరుసార్లు గెలిచింది, 1995లో మొదటిసారి, 2009లో ఆరోసారి. అలాంటిచోట కొత్తవాళ్లకు నేరుగా చోటు ఉండదు. కింది గ్రేడు బ్యాండ్లలో ఏళ్లు గడపాలి.

ఇక ఉద్యోగం సంగతి. ఉన్న మాట చెప్పాలంటే దీంతో కొలువు దొరికేది కొద్దిమందికే. ఇదే వృత్తి అనుకునేవాళ్లకు గ్లాస్గోలోని రాయల్ కన్జర్వేటాయిర్ ఉంది. మన దేశంలోనైతే దారి సైన్యం బ్యాండ్లదే. జనవరి 29న ఢిల్లీలో బీటింగ్ రిట్రీట్ చూసినవాళ్లకు ఆ పైపుల మోత గుర్తుండే ఉంటుంది. సైనిక వాద్యకారుల శిక్షణ మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో సాగుతుంది. మిగతావాళ్లకు దక్కేది రెజ్యూమెలో ఒక లైను. ఇంటర్వ్యూలో ఆ లైను దగ్గర ఆగి ప్రశ్న అడగనివాళ్లు తక్కువ.

రెండు జాగ్రత్తలు. పెళ్లిళ్లకూ పరేడ్లకూ బ్యాండ్లను డబ్బిచ్చి పిలుస్తారు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు పని అనుమతి లేకుండా ఆ డబ్బు తీసుకుంటే వీసాకే ముప్పు. మీ ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసును అడగకుండా పైసా ముట్టవద్దు. రెండోది, వెళ్లగానే పైపుల సెట్టు కొనకండి. మంచి సెట్టు వెయ్యి డాలర్లు దాటుతుంది. ముందు చాంటర్ చాలు. సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడే బ్యాండ్ ప్రాక్టీస్ ఏ సాయంత్రమో కనుక్కుని ఆ పూట క్లాసు పడకుండా చూసుకోండి.