కంప్యూటరు నుండి ఫోనులకు సందేశములు: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు

తంతి కార్యాలయములు పనిచేసిన కాలమున వార్త పంపువారు మాటలను లెక్కపెట్టుకొని వ్రాసెడివారు. మాట పెరిగినకొలది రుసుము పెరుగుచుండెను గనుక, నాలుగు మాటలలో చెప్పవలసిన దంతయు చెప్పుటకు మనవారు అలవాటు పడిరి. 2013 జులై 15 న మన దేశమున తంతి సేవ నిలిచిపోయినది. నేడు ఆ పనిని చేయుచున్నది ఫోనులో వచ్చు చిన్న సందేశము. దీనినే జనులు మెసేజి యనియు, ఎస్సెమ్మెస్ యనియు వ్యవహరించుచున్నారు. తంతిలో మాటలు లెక్కకు వచ్చినట్లే దీనిలో అక్షరములు లెక్కకు వచ్చును. ఫోను మీటలు నొక్కుచు ఒక్కొక్కరికి పంపుటకు బదులు, పంచాయతీ కార్యాలయములోని కంప్యూటరు నుండియే దీనిని పంపవచ్చును. వచ్చిన జవాబులను అక్కడనే చదువవచ్చును. ఇది ఎట్లు జరుగునో, ఎక్కడ జాగ్రత్త వహింపవలెనో తెలిసికొందము.

పొదిలి, కొనకనమిట్ల, మఱ్ఱిపూడి, తర్లుబాడు మొదలగు ప్రాంతములలోని సభ్యులకు దీని అవసరమును ఎక్కువగా వివరింపనక్కరలేదు. ఇది మెట్ట సీమ. అనేక గ్రామములలో బోరు నీటియందు ఫ్లోరైడు హెచ్చు. త్రాగు నీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రమాణము. వేసవిలో ట్యాంకరు ఎప్పుడు వచ్చునో తెలియని యిల్లాలు బిందెలతో వీథిలో ఒక పూట పడిగాపులు పడును. లేదా కూలికి పోయి వచ్చునప్పటికి ట్యాంకరు వెడలిపోవును. అప్పుడా యింటివారు మరల ఆ చెడ్డ బోరు నీటినే త్రాగుదురు. వేళ తెలుపు ఒక చిన్న కబురు సరియైన సమయమునకు సరియైన మనిషికి అందుటలో ఇంత విషయమున్నది.

ఈ సందేశముల చరిత్రలో ఒక విశేషమున్నది. ప్రపంచములో మొట్టమొదటి ఫోను సందేశము ఫోను నుండి గాక కంప్యూటరు నుండియే వెడలినది. 1992 డిసెంబరు 3 న ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ అను యువ ఇంజనీరు కంప్యూటరు మీటలతో క్రిస్మస్ శుభాకాంక్షలు వ్రాసి, వోడాఫోన్ సంస్థకు చెందిన రిచర్డ్ జార్విస్ ఫోనునకు పంపెను. ఆ ఫోనులో చదువుటకు వీలున్నదే కాని జవాబు వ్రాయుటకు వీలు లేకుండెను. కాబట్టి కంప్యూటరు నుండి సందేశము పంపుట క్రొత్తగా వచ్చిన వింత కాదు. దాని పుట్టుకయే అట్టిది.

మనము పంపిన సందేశము నేరుగా ఎదుటివారి ఫోనునకు పోదు. అది మొదట ఫోను కంపెనీ వారి సందేశ కేంద్రమును చేరును. ఆ కేంద్రము ఒక తపాలా కచేరి వంటిది. ఎదుటివారి ఫోను పనిచేయుచున్నచో వెంటనే అందజేయును. ఫోను ఆపివేసి యున్నను, సిగ్నలు అందని చోట నున్నను, కొంత గడువు వరకు తన యొద్ద నిలుపుకొని, ఫోను మేల్కొన్నప్పుడు అందజేయును. గడువు దాటినచో ఆ సందేశము పోయినట్లే. చార్జింగు లేని ఫోనునకు ఉదయము పంపిన కబురు సాయంకాలము అందుటకు కారణ మిదియే. కంప్యూటరు తెరపై 'చేరినది' అని కనిపించినచో ఫోనునకు చేరినదని మాత్రమే అర్థము. చదివినారని కాదు.

కంప్యూటరు నుండి సందేశములు పంపుటలో మన తెలుగువారికి కొంత ప్రత్యేక చరిత్ర కలదు. 2006 లో రాజు వనపాల గారు హైదరాబాదులో వే2ఎస్సెమ్మెస్ అను సేవను స్థాపించిరి. ఇంటర్నెట్టు కేంద్రములో కూర్చుండి దేశములోని ఏ ఫోనునకైనను ఉచితముగా సందేశము పంపు వీలును అది కలిగించినది. ఒక్కొక్క మెసేజికి రూపాయి ఖర్చగు దినములలో అది విద్యార్థులకు పెన్నిధి వలె తోచినది. 160బై2 యను మరియొక సేవ కూడ హైదరాబాదులోనే పుట్టినది. ఆంగ్లములో ఒక సందేశమునకు 160 అక్షరముల చోటుండును గదా, అందులో సగము పంపువానికి, సగము ప్రకటనకు అని ఆ పేరునకు అర్థము. ఉచితమునకు మూల్యము ప్రకటనల రూపమున చెల్లినదన్న మాట. అయితే వ్యాపార సందేశముల ఉపద్రవము దేశమంతట పెరిగినందున టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయ్ 2010 లో నిబంధనలు చేసెను. 2018 లో వానిని మరింత బిగించెను. రాజు వనపాల గారి సంస్థ క్రమముగా వార్తల వైపు మరలి వే2న్యూస్‌గా ప్రసిద్ధి చెందినది. ఉచిత సేవలను నమ్మి పంచాయతీ పనులను నడుపుకొనుట నేడు కుదురదని గ్రహింపవలెను.

నేడు పంచాయతీకి రెండు మార్గములున్నవి. చిన్న మార్గము, కార్యాలయములోని ఫోనును కంప్యూటరుతో జతపరచుట. ఆండ్రాయిడు ఫోనులలో గూగుల్ మెసేజెస్ అను సాధనము కలదు. 2018 నుండి దానిని కంప్యూటరు తెరపై కూడ తెరచుటకు వీలు కలిగినది. కంప్యూటరులో దాని పుటను తెరచి, అచ్చట కనిపించు చదరపు గుర్తునకు, అనగా క్యూఆర్ కోడునకు, ఫోను కెమెరాను చూపినచో రెండును కలియును. విండోసు కంప్యూటరులలో ఫోన్ లింక్ అను మరియొక సాధనము కూడ ఇట్టి పనియే చేయును. ఇక్కడ మరువరాని దేమనగా, కంప్యూటరు కేవలము వ్రాతబల్ల. సందేశము పోవునది ఫోనులోని సిమ్ము నుండియే. గూగుల్ పద్ధతిలో ఫోను పనిచేయుచుండవలెను, దానికి ఇంటర్నెట్టు ఉండవలెను. సిమ్ము పథకమును బట్టి ఖర్చు పడును. చాల పథకములలో దినమునకు 100 సందేశములు కలిసియుండును. రెండు వందల గడపలున్న పల్లెకు అవి చాలవు.

పెద్ద మార్గము, నమోదు చేసికొన్న పేరుతో ఒక్కమారుగా వందలకొలది ఫోనులకు పంపుట. బ్యాంకులు, ప్రభుత్వ శాఖలు చేయునది ఇట్లే. దీనికి పంపువారి పేరును, సందేశపు నమూనాను ముందుగానే ఫోను కంపెనీల వద్ద నమోదు చేయింపవలెను. మీ ఫోనులో పది అంకెల నంబరునకు బదులు ఆంగ్లాక్షరములతో కూడిన పేరు కనిపించుట చూచియుందురు. 2025 లో చేసిన సవరణ ననుసరించి అట్టి పేరు చివర 'జి' అను ఆంగ్లాక్షరమున్నచో అది ప్రభుత్వ సందేశము, 'పి' యున్నచో వ్యాపార ప్రచారము. ప్రభుత్వ శాఖల కొఱకు కేంద్ర ప్రభుత్వము సి-డాక్ సంస్థ ద్వారా మొబైల్ సేవ యను ఏర్పాటు చేసినది. రైతులకు వ్యవసాయ సలహాలు పంపు ఎం-కిసాన్ వ్యవస్థను 2013 జులై 16 న ఆనాటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించిరి. వ్యవసాయాధికారి కంప్యూటరు ముందు కూర్చుండి వ్రాసిన సలహా వేలమంది రైతుల ఫోనులకు చేరుట దానివలననే. ఒక్క పంచాయతీ తనంతట తాను ఈ నమోదులన్నియు చేయించుకొనుట శ్రమతో కూడినది. జిల్లా అధికారుల ద్వారా విచారించుట మేలు. ఈ పెద్ద మార్గమున అక్షరముల పేరుతో వచ్చిన సందేశమునకు గ్రామస్థుడు తిరిగి జవాబు వ్రాయలేడు. చిన్న పంచాయతీకి నా అభిప్రాయములో మొదటి మార్గమే చాలును. వార్డునకు ఇరువదిమంది చొప్పున నమ్మకమైన వారిని ఎంచుకొని వారికి పంపినచో తక్కిన ఇండ్లకు వారే చెప్పుదురు.

ఇప్పుడు తెలుగులో వ్రాయుట గూర్చి. ఆంగ్ల సందేశములో 160 అక్షరములు పట్టునని చెప్పితిమి. తెలుగు లిపిలో 70 మాత్రమే పట్టును. ఆ డెబ్బదియు మన కంటికి కనిపించు అక్షరములు కావు. గుణింతపు గుర్తు ఒకటి, వత్తు కలుపు గుర్తు ఒకటి, సున్న ఒకటి, ఖాళీ చోటు ఒకటి, ఇట్లు అన్నియు విడివిడిగా లెక్కకు వచ్చును. 'పొదిలి' మన కంటికి మూడక్షరములు, యంత్రమునకు ఆరు. 'గిద్దలూరు' మనకు నాలుగు, దానికి తొమ్మిది. 'మార్కాపురం' మనకు నాలుగు, దానికి పది. డెబ్బది దాటినచో సందేశము ముక్కలై పోవును. ముక్కలను కూర్చుటకు కొంత చోటు పోవును గనుక ఒక్కొక్క దానిలో 67 మాత్రమే పట్టును, లెక్కలో రెండు సందేశములుగా పడును. ఆంగ్లములో వ్రాసిన దానిలో ఒక్క తెలుగు అక్షరమున్నను మొత్తము 70 లెక్కకే మారును. ఇది మార్కాపురపు పలక వంటిది. పలక యెంతో వ్రాత అంతే.

అందుచేత మర్యాద వాక్యములు, బిరుదులు, 'తెలియజేయడమేమనగా' వంటివి వదలివేయవలెను. ఇది మా శాఖవారికి కష్టమైన పనియే! ఒక నమూనా చూడుడు: 'మే 12 ఉదయం 7కు రామాలయం వద్ద నీటి ట్యాంకరు వస్తుంది. పంచాయతీ'. యంత్రపు లెక్కలో ఇది 59. దినము, వేళ, చోటు, విషయము, పంపినవారు, ఐదును ఉన్నవి. ఇందులో 'రేపు' అని వ్రాయలేదు గమనింపుడు. సందేశము కేంద్రములో ఆగి మరునాటికి అందినచో 'రేపు' అనుమాట ఎల్లుండి యగును, ఆ యిల్లాలు ట్యాంకరు పోయిన మరునాడు బిందెతో నిలుచును. 'నేడు', 'రేపు', 'ఈ ఆదివారము' అను మాటలను పంచాయతీ సందేశములలో పూర్తిగా నిషేధించుట మంచిది. మాటలు కూడ జనులు మాటలాడు తీరుననే యుండవలెను. ఈ వ్యాసపు భాష ఆ పలకపై పనికిరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది నంబర్ల పుస్తకము. ఇంటి యజమాని పేరున ఉన్న నంబరునే వ్రాసికొనుట మన అలవాటు. ఈ సీమ నుండి ఎందరో హైదరాబాదు, బెంగుళూరు పనులకు, గుంటూరు వైపు మిరపకోతలకు వలస పోవుచుందురు. ట్యాంకరు సందేశము హైదరాబాదులో కట్టడపు పనిలో నున్న భర్త జేబులో మ్రోగును. బిందె పట్టుకొనవలసిన భార్యకు అది తెలియదు. కాబట్టి నీటి కబురు లకు నీరు పట్టువారి నంబరు, గ్రామసభ కబురులకు వలస యున్నవారి నంబరు కూడ, వేర్వేరు జాబితాలుగా వ్రాసికొనవలెను. సిమ్ములు తరచు మారును గనుక మూడు నెలల కొకమారు వార్డు సభ్యుడు తన వార్డులో తిరిగి సరిచూడవలెను. ఈ పుస్తకమును దుకాణదారులకు గాని, ఏ పక్షము వారికి గాని ఇయ్యరాదు. పౌరుల వివరముల రక్షణకు 2023 లో పార్లమెంటు శాసనము కూడ చేసినది.

సందేశము పంపుట సులభము, వచ్చినది చదువుటయే నిలుకడ కోరును. జతపరచిన కంప్యూటరు తెరపై 'బోరు మోటారు కాలిపోయింది', 'వీథి దీపం లేదు' వంటి జవాబులు వచ్చి నిలుచును. వానిని దినమునకు రెండు వేళలలో చదివి, తేదీతో ఫిర్యాదుల రిజిస్టరులో ఎక్కించు మనిషి ఎవరో తీర్మానములోనే వ్రాయవలెను. అట్టి మనిషి లేనిచో జవాబుల కొఱకు నంబరు నిచ్చుట మానుకొనుట నయము. చెప్పిన మాట ఎవరును వినలేదని తెలిసిన గ్రామస్థుడు రెండవమారు చెప్పడు.

ఇక అపాయము గూర్చి. ఫోనును కంప్యూటరుతో జతపరచినప్పుడు ఆ ఫోనునకు వచ్చు సందేశములన్నియు తెరపై కనిపించును. బ్యాంకు పంపు ఓటీపీ కూడ అందులోనిదే. సర్పంచి గారు తమ సొంత ఫోనును కార్యాలయపు కంప్యూటరుతో జతపరచి, విడదీయకుండ ఇంటికి పోయినచో, ఆ గదిలోనికి వచ్చిన ఎవరైనను ఓటీపీలను చదువవచ్చును. పంచాయతీ పనికి ప్రత్యేకముగ ఒక ఫోను, ఒక సిమ్ము ఉండవలెను. ఆ నంబరునకు ఏ బ్యాంకు ఖాతాయు కట్టి యుండరాదు. పని ముగిసినంతనే ఫోనులోని జత పరికరముల పట్టికను తెరచి కంప్యూటరును తొలగింపవలెను. పంచాయతీ పేరు చెప్పి ఓటీపీ అడుగుచు గాని, ఏదో లింకు నొక్కుమనుచు గాని వచ్చు సందేశములు మోసగాండ్రవని చాటింపు వేయించవలెను. డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

పిడుగుల హెచ్చరికలకును, వీనికిని భేదమున్నది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఫోనులకు హెచ్చరికలు పంపుచున్నది. 2023 లో పలు రాష్ట్రములలో పరీక్షించిన సెల్ బ్రాడ్‌కాస్ట్ అను పద్ధతిలోనైతే ఎవరి నంబరుతోను పనిలేదు. ఒక టవరు పరిధిలోని ఫోనులన్నిటికి ఒక్కసారిగా హెచ్చరిక చేరును. 'మా నంబరు ప్రభుత్వమునకు ఎట్లు తెలిసిన'దని అడుగువారికి సభ్యులు ఈ మాట చెప్పవచ్చును.

మొదటి సందేశమును ఊరంతటికి పంపుటకు ముందు కార్యాలయములో ఐదారు రకముల ఫోనులను తెప్పించి వానికి పంపి చూడవలెను. ముఖ్యముగ వృద్ధుల చేతులలోని పాత మీటల ఫోనులను. కొన్నింటిలో తెలుగునకు బదులు ఖాళీ గడులు కనిపించును. అట్టి ఫోనులున్న ఇండ్లను, అసలు ఫోను లేని ఇండ్లను నంబర్ల పుస్తకములో వేరే పుటలో వ్రాసి, ఆ పుటను చాటింపు వేయువానికి ఇయ్యవలెను. ఆ గుమ్మముల ముందు అతడు ఆగి చెప్పవలెను.