పాఠం: కంప్యూటరులో చోటు పెంచుట – పాల లెక్క కాపాడుకొనుట



సంఘంలో పాలు పోసిన ప్రతి పూటా మన పేరు ఎదుట లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., రూపాయలు నమోదవుతాయి. ఒకప్పుడు ఈ అంకెలు పుస్తకంలో ఉండేవి. నేడు అనేక సంఘాలలో కంప్యూటరులో ఉంటున్నవి. మన బిల్లు, బోనసు, గేదె కొనుటకు బ్యాంకు అడిగే పాల లెక్క అక్కడి నుండే రావలెను. పత్తి, మిరప ధర పడిపోయిన ఏడు ఇల్లు నడిపేది పాల డబ్బే. కనుక “డిస్కు నిండినది, చోటు పెంచవలెను” అని కార్యదర్శి చెప్పినపుడు అది సభ్యులందరూ అడిగి తెలుసుకోవలసిన విషయం.

నిండినది దేనితో?

200 మంది సభ్యులు రెండు పూటలా పాలు పోస్తే రోజుకు 400 నమోదులు, ఏడాదికి 1,46,000. ఒక్కొక్క నమోదుకు 200 అక్షరాల చోటు పట్టినా ఏడాది లెక్క సుమారు 30 మెగాబైట్లు, పదేళ్ళకు 300. నేటి డిస్కులో ఇది ఒక మూలకు సరిపోతుంది. కనుక డిస్కును నింపినది కెమెరా చిత్రాలా, పనికిరాని పాత ఫైళ్ళా అని ముందు చూడవలెను. వాటిని వేరే డిస్కుకు మార్చినచో పెంచవలసిన అవసరమే రాకపోవచ్చును.

గట్టు జరుపుట

డిస్కు ఒక పెద్ద చేను. దానిని గట్లు వేసి సి, డి అని మడులుగా విడదీస్తారు. ఈ మడినే వాల్యూమ్ అంటారు. మన మిరప చేను పెంచుకోవాలంటే పక్కనే ఆనుకొని ఖాళీ నేల ఉండవలెను. మధ్యలో మరొకరి పత్తి ఉంటే గట్టు జరపలేము. విండోస్ కంప్యూటరులోనూ అంతే. డిస్క్ మేనేజ్‌మెంట్ పటంలో ఆ వాల్యూమ్‌కు కుడివైపున ఆనుకొని “అన్‌అలొకేటెడ్” అనే ఖాళీ ఉన్నపుడే “ఎక్స్‌టెండ్ వాల్యూమ్” పనిచేస్తుంది.

గట్టు సరిగా జరిపితే పంట పోదు. 2022 ఏప్రిల్ 4న గుంటూరు, ప్రకాశం జిల్లాల గ్రామాలు కొన్ని కొత్త పల్నాడు, బాపట్ల జిల్లాలలో చేరినవి; హద్దు మారినా ఊళ్ళు ఉన్నచోటనే ఉన్నవి. కాని మధ్యలో డి ఉన్నపుడు “డి తీసివేస్తే సి పెరుగుతుంది” అని సలహా చెప్పేవారుంటారు. సి పెరుగుట నిజమే. డి లోని లెక్క పోవుట కూడ నిజమే. పాల లెక్క డి లోనే ఉంచిన సంఘం ఉండవచ్చును. “ఎక్స్‌టెండ్” ఉన్నదానిని చెరపదు. “డిలీట్”, “ఫార్మాట్” అనే మాటలు కనిపించినచోట చేయి ఆపవలెను.

పని వరుస

1. పాలు పోసే వేళ ఈ పని పెట్టుకోరాదు. మధ్యలో కరెంటు పోయిన లెక్క చెడవచ్చును, యు.పి.ఎస్. ఉండి తీరవలెను.

2. చివరి బిల్లును, ఏడాది మొత్తం లీటర్లను, రూపాయలను కాగితంపై అచ్చు తీసి అధ్యక్షులు, కార్యదర్శి సంతకాలు చేయవలెను.

3. రెండు వేరు డిస్కులలో నకళ్ళు తీసి, ఒకటి సంఘ భవనం వెలుపల ఉంచవలెను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన కృష్ణా, గుంటూరు తీరాలను ముంచినది. నీరు వచ్చినపుడు ఒకే గదిలోని అసలు, నకలు రెండూ పోతాయి.

4. నకలును వేరొక కంప్యూటరులో తెరిచి చూడవలెను. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే పెద్ద కంప్యూటరు సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు సమాచారాన్ని చెరిపివేశాడు. ఐదు విధాల నకలు ఏర్పాట్లున్నా ఏదీ అక్కరకు రాలేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన మరొక నకలు వారిని ఆదుకొన్నది. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం పోయినది. తెరిచి చూడని నకలు నకలు కాదు.

5. పక్కన ఖాళీ ఉంటే అప్పుడు పెంచవలెను. లేనిచో పెద్ద డిస్కు కొని పాతదానిని యథాతథంగా అందులోకి ఎక్కించుట మేలు. ఏది పాతది, ఏది కొత్తది అని ఇద్దరు చూసి నిర్ధారించవలెను. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి లెక్కపై పడుతుంది. ఏడాది ఆడిట్ ముగిసేవరకు పాత డిస్కును చెరపరాదు.

6. పని ముగిసిన తరువాత అవే మొత్తాలు మరల తీసి, సంతకాల కాగితంతో సరిచూడవలెను. ఒక్క రూపాయి తేడా వచ్చినా పాలసేకరణ కాగితంపై నడిపి, నకలు నుండి లెక్కను తిరిగి తెచ్చుకోవలెను.

సర్వసభ్య సమావేశంలో అడుగవలసిన ప్రశ్నలు

మన పాల లెక్క ఏ వాల్యూమ్‌లో ఉన్నది? నకలు ఎవరి వద్ద ఉన్నది? దానిని చివరిసారి తెరిచి చూసినది ఏ తేదీన?