చేతి ఫోనులో లెక్కల పట్టిక: ఉచిత యాపులు, పంచాయతీ సభ్యులు

గ్రామసభ జరుగుచున్నది. రెండవ వార్డు సభ్యురాలు లేచి, “మా వీధి బోరు మోటారు రిపేరుకు ఈ ఏడు ఎంత ఖర్చయిందండీ?” అని ప్రశ్నించినది. సర్పంచి కార్యదర్శి వైపు చూచెను. “రిజిస్టరు ఆఫీసు బీరువాలో ఉందమ్మా, చూసి చెబుతాను” అని కార్యదర్శి బదులు పలికెను. బీరువా తాళము వచ్చులోపల సభ ముగిసినది. ఖర్చులో దోషమేదియు లేదు. బిల్లులన్నియు సక్రమముగనే యున్నవి. అయినను అడిగినపుడు జవాబు దొరకమిచే లేని అనుమానము పుట్టినది. ఇట్టి సన్నివేశము పంచాయతీ సభ్యులలో అనేకులకు పరిచితమే.

ఆ సభలో కూర్చున్న ఎందరి చేతులలోనో ఫోనులున్నవి. ఆ ఫోనులోనే పత్రములు వ్రాయుటకును, లెక్కలు కట్టుటకును తగిన సాధనములు పైకము చెల్లింపకయే లభించుచున్నవి. అవి ఉచితములైన విధమెట్టిదో, వానిని పంచాయతీ పనికి వాడుకొను తీరెట్టిదో, ఎచ్చట జాగ్రత్త వహింపవలయునో ఈ పాఠమునందు తెలిసికొందము.

ఉచితమైన విధము

పూర్వము ఇట్టి సాధనములు కంప్యూటరునకే పరిమితములై యుండెడివి. పత్రలేఖనమునకు వర్డ్, లెక్కల పట్టికకు ఎక్సెల్, సభలో తెరపై చూపు పటములకు పవర్‌పాయింట్ అనునవి మైక్రోసాఫ్ట్ సంస్థవి. వానిని వెల యిచ్చి కొనవలసి యుండెడిది. 2006లో గూగుల్ సంస్థ ఇంటర్నెట్ ద్వారా ఉచితముగా వాడుకొనదగిన పత్రలేఖన, పట్టికా సాధనములను ప్రవేశపెట్టినది. 2013 సెప్టెంబరులో ఆపిల్ సంస్థ తన కొత్త ఫోనులతోను, టాబ్లెట్లతోను పేజెస్, నంబర్స్, కీనోట్ అను యాపులను ఉచితముగా నిచ్చుటకు నిశ్చయించినది. 2014 ఏప్రిల్ 30వ తేదీన గూగుల్ డాక్స్, షీట్స్ అనునవి ఫోనులకు ప్రత్యేకమైన యాపులుగా వెలువడినవి.

హైదరాబాదున జన్మించిన శ్రీ సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4వ తేదీన మైక్రోసాఫ్ట్ సంస్థకు ముఖ్య కార్యనిర్వహణాధికారి యైరి. మార్చి 27వ తేదీన ఐప్యాడ్ కొరకు వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ యాపులు విడుదలైనవి. అప్పుడు చదువుట మాత్రమే ఉచితము. వ్రాయుటకు, సవరించుటకు చందా కట్టవలసి యుండెను. ఆ సంవత్సరమే నవంబరు 6వ తేదీన, ఐఫోను, ఐప్యాడ్ వాడువారికి వ్రాయుటయు ఉచితమే యని ఆ సంస్థ ప్రకటించినది. 2015 జనవరిలో ఆండ్రాయిడ్ టాబ్లెట్లకును, జూనులో ఆండ్రాయిడ్ ఫోనులకును ఈ యాపులు వచ్చినవి.

వ్యాపార సంస్థలు ఇంతటి సాధనములను ఊరక ఏల యిచ్చినవి? సంతలో పండ్ల వర్తకుడు ఒక ముక్క కోసి రుచి చూపి, పిదప బుట్ట నమ్మజూచును గదా! ఇదియు నట్టిదే. ఉచితముగా నలవాటైనవారిలో కొందరు ఎక్కువ నిల్వచోటు కొరకును, ఉన్నత సౌకర్యముల కొరకును చందాదారులగుదురు. కావున ఉచితమునకు హద్దులున్నవి. గూగుల్ ఖాతాలో 15 గిగాబైట్లు, మైక్రోసాఫ్ట్ ఖాతాలో 5 గిగాబైట్లు మాత్రమే ఉచిత నిల్వ. మైక్రోసాఫ్ట్ యాపులలో తెర 10.1 అంగుళములకు మించిన టాబ్లెట్లపై సవరణకు చందా అవసరము. అంతేకాక, సొంత వాడుకకు ఉచితమైనది కార్యాలయపు వాడుకకును ఉచితమే యని తలపరాదు. నిబంధనలు చదివిన పిమ్మటనే పంచాయతీ పనికి స్వీకరింపవలయును. కంప్యూటరుపై వాడు లిబ్రెఆఫీస్ అనునది ఇంటికిగాని, కార్యాలయమునకుగాని ఉచితమే.

మొదటి లెక్క

పట్టికలో నిలువు వరుసలకు ఆంగ్లాక్షరములును, అడ్డు వరుసలకు అంకెలును పేర్లు. ఈ రెండును కలిసినచోట నున్న గడికి ఆ రెంటిచేతనే పేరు వచ్చును. మొదటి అడ్డు వరుసలో తేదీ, వార్డు, పని, వోచరు నంబరు, మొత్తము అని శీర్షికలు వ్రాయుడు. మొత్తము ‘ఇ’ వరుసలోనికి వచ్చును. ఉదాహరణకు నాలుగు ఖర్చులు తీసికొందము: రెండవ వార్డు మోటారు మరమ్మతు 4,200, మూడవ వార్డు వీధిదీపములు 3,650, రెండవ వార్డు పైపు 1,350, మొదటి వార్డు కాలువ పూడికతీత 2,800. ఇవి ఇ2 మొదలు ఇ5 వరకు నిండును.

ఇ6 గడిలో సమానచిహ్నము నుంచి, ‘సమ్’ అను ఆంగ్లపదమును వ్రాసి, కుండలీకరణములలో ఇ2, నిలువుగా రెండు చుక్కలు, ఇ5 అని చేర్చినచో 12,000 అని జవాబు వచ్చును. వీధిదీపముల ఖర్చు 3,560గా సరిదిద్దినచో, మరల కూడనక్కరలేక మొత్తము 11,910గా మారును. వడపోత సౌకర్యముతో రెండవ వార్డును మాత్రమే ఎన్నుకొన్నచో, 4,200, 1,350 అను రెండు పద్దులే కనబడును. వాని మొత్తము 5,550. సభ్యురాలు అడిగిన మోటారు ఖర్చును అక్కడనే చదివి చెప్పవచ్చును.

ఇచ్చట ఒక చిక్కు కలదు. మనము చెక్కులపై వ్రాయునట్లు 3,650 ప్రక్కన ఏటవాలు గీత, అడ్డగీత చేర్చినచో, యాపు దానిని అంకెగాక మాటగా నెంచి కూడికలో విడిచివేయును. అపుడు మొత్తము 8,350 మాత్రమే చూపును. తప్పు జరిగినదని హెచ్చరిక యేదియు రాకపోవచ్చును. కావున మొత్తము గడిలో అంకె తప్ప మరేమియు వ్రాయరాదు. నెలకొకసారి వోచర్ల మొత్తముతో పట్టిక మొత్తమును సరిచూడవలయును. యంత్రము కూడినంతమాత్రమున లెక్క సరియైనదని నమ్మరాదు. యంత్రము మనమిచ్చినదానినే కూడును.

తెలుగున వ్రాయుట

1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణమున తెలుగు లిపికి 128 స్థానములు కేటాయింపబడినవి. ఆ పద్ధతిని వ్రాసిన తీర్మానము ఏ ఫోనులోనైనను తెలుగుగనే కనబడును. అందులో ఒక పేరును వెదకిన దొరకును. పాత డి.టి.పి. అక్షరములతో తయారైన పత్రము ఫోనునకు వచ్చుసరికి అర్థములేని గుర్తులుగా మారుట పలువురు చూచియుందురు. కావున సమావేశపు మినిట్సులను యూనికోడ్‌లోనే వ్రాయించుట మేలు.

వహింపవలసిన జాగ్రత్తలు

మొదటిది: పట్టిక ఎవరి ఖాతాలో నున్నది? కార్యదర్శి సొంత ఖాతాలో నున్నచో, ఆయన బదిలీయైన నాడు పంచాయతీ లెక్కలు ఆయనతోడనే పోవును. కావున పంచాయతీ పేర ఖాతా తెరచి, బాధ్యతలు అప్పగించునపుడు తాళపుచెవులతో పాటు దాని సంకేతపదమును అప్పగించి, వెంటనే మార్పించవలయును.

రెండవది: సభ్యులకు పట్టికను పంచునపుడు ‘చూచుటకు మాత్రమే’ అను అనుమతి నీయవలయును. సవరించు అధికారము బాధ్యులైన ఒకరిద్దరికే చాలును.

మూడవది: ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతా సంఖ్యలు, పింఛనుదారుల ఆరోగ్య వివరములు పంచు పట్టికలో చేర్చరాదు. ఒకసారి చేయిదాటిన లంకెను తిరిగి పట్టుట కష్టము.

నాలుగవది: ఈ పట్టిక చట్టబద్ధమైన రిజిస్టరునకు బదులు కాదు. 2020 ఏప్రిల్ 24వ తేదీన ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ వంటి ప్రభుత్వ ఏర్పాట్లకును బదులు కాదు. ఇది సభ్యులు చూచి తెలిసికొనుటకు సహాయము మాత్రమే. నెలనెలా ఒక ప్రతిని ముద్రించి నోటీసు బోర్డుపై నంటించినచో, ఫోను లేనివారికిని న్యాయము జరుగును.

డెబ్బది మూడవ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చి, గ్రామసభకు రాజ్యాంగమున స్థానము కల్పించినది. ఆ సభలో ప్రశ్నించుట ప్రజల హక్కు. జవాబిచ్చుట పంచాయతీ బాధ్యత. రాబోవు సభకు ముందుగా ఒక నెల ఖర్చులను మాత్రమే పట్టికగా వ్రాసి చూడుడు. రెండవ వార్డు సభ్యురాలు మరల లేచి అదే ప్రశ్న వేసిన నాడు, “నాలుగువేల రెండువందలమ్మా, వోచరు ఇదిగో” అని కార్యదర్శి కూర్చున్నచోటనే చెప్పగలిగినచో, ఈ పాఠము ఫలించినట్లే.