పది పుల్లల రెక్క

అక్టోబరు మొదటివారం. పొద్దున్నే పీర్ మార్కెట్ నదిలో దిగాం. మిషిగన్ రాష్ట్రంలో పడమరగా పారి, లడింగ్టన్ దగ్గర మిషిగన్ సరస్సులో కలిసే నది అది. తొడల దాకా రబ్బరు బూట్లున్నా చలి ఎముకల్లోకి దిగుతోంది. కాసేపటికి మా బావ గాలానికి చేప పడింది. చాలాసేపు పెనుగులాడి చివరికి వలలోకొచ్చింది. మూరన్నర పొడవు, ఒళ్లంతా వెండి, వీపు మీద నల్లచుక్కలు.

"కింగ్ సాల్మనే కదా బావా?" అన్నాడు.

"పైకెత్తకు, నీళ్లలోనే ఉంచు. చూసి చెబుదాం."

ఆ నెలలో ఆ నదిలో చినూక్ సాల్మన్ ఉంటుంది, దాన్నే అక్కడ కింగ్ అంటారు. కోహో సాల్మన్, స్టీల్‌హెడ్, బ్రౌన్ ట్రౌట్ కూడా ఉంటాయి. ఏ చేపను ఎన్ని పట్టుకోవచ్చు, ఎంత పొడవుంటే ఉంచుకోవచ్చు, ఎప్పుడు వదిలెయ్యాలి అనేది ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. అందుకే ఏ చేపో తేలకుండా ఇంటికి తీసుకెళ్లకూడదు. తేలకపోతే వదిలెయ్యాలి. వదిలిన చేప బతకాలంటే మనం చూస్తున్నంతసేపూ అది నీళ్లలోనే ఉండాలి.

కాబట్టి మొదట చేతులు తడుపుకోవాలి. పొడి చేత్తో ముట్టుకుంటే ఒంటి మీది జిగురు ఊడొస్తుంది, ఆ జిగురే చేపను రోగాల నుంచి కాపాడేది. ముడుల నైలాన్ వల కంటే రబ్బరు వల మేలు. తలను ప్రవాహానికి ఎదురుగా పెడితే నీళ్లు నోట్లోంచి మొప్పల మీదుగా పోతూ ఊపిరి ఆడుతుంది. పైకి తీయక తప్పకపోతే ముందు మన ఊపిరి బిగబట్టాలి. ఇక ఆపుకోలేం అనిపించేలోపే చేపను మళ్లీ నీళ్లలో దించెయ్యాలి.

ఇప్పుడు వీపు చూడాలి. వీపు రెక్కకూ తోకకూ మధ్య పుల్లల్లేని చిన్న కండరెక్క ఒకటి ఉంటుంది. మన శీలావతికీ బొచ్చెకూ ఇది ఉండదు, జెల్లల్లో కొన్నింటికి ఉంటుంది. సాల్మన్, ట్రౌట్ కుటుంబానికంతటికీ ఇది గుర్తు. అది ఉండాల్సిన చోట నున్నటి మచ్చ మాత్రమే ఉంటే, పిల్లగా ఉన్నప్పుడు హేచరీలో కత్తిరించారని అర్థం. అలాంటి చేప ముక్కులో దాదాపు 1 మిల్లీమీటరు పొడవున్న లోహపు తీగముక్క, దాని మీద సంకేత సంఖ్య ఉండొచ్చు. ఆ చేపను ఉంచుకుంటే తలను పారెయ్యకుండా, సేకరించే కేంద్రంలో ఇవ్వడం మంచిది. ఎక్కడ వదిలిన పిల్ల ఎంత దూరం వచ్చిందో వాళ్లకు తెలిసేది దానివల్లే. మా చేపకు ఆ రెక్క ఉంది.

తర్వాత చుక్కలు. ముదురు ఒంటి మీద లేత చుక్కలుంటే అది చార్ జాతి. లేక్ ట్రౌట్, బ్రూక్ ట్రౌట్ పేరుకే ట్రౌట్లు, నిజానికి చార్లు. తోక లోతుగా చీలి ఉంటే లేక్ ట్రౌట్. వీపు మీద పురుగులు పాకినట్టు గీతలుండి, కింది రెక్కల ముందు అంచు తెల్లగా మెరుస్తుంటే బ్రూక్ ట్రౌట్. ఈ రెండూ ఆ ప్రాంతానికి పుట్టు చేపలు.

లేత ఒంటి మీద నల్లచుక్కలున్నవే వలస వచ్చినవి. కోహోను 1966లో, చినూక్‌ను 1967లో పసిఫిక్ తీరపు గుడ్ల నుంచి పెంచి మిషిగన్ వదిలింది. సరస్సు నిండా పెరిగిపోయిన ఏల్‌వైఫ్ అనే చిన్న చేపను తినడానికి తెచ్చిన సాల్మన్లవి. బ్రౌన్ ట్రౌట్ వాటికంటే చాలా ముందే, జర్మనీ నుంచి గుడ్ల రూపంలో వచ్చింది. 1884లో నార్త్‌విల్ హేచరీ ఆ పిల్లల్ని బాల్డ్‌విన్ నదిలో వదిలింది. తెలుగువాళ్లు బాగా ఉన్న నోవైకి పక్క ఊరే నార్త్‌విల్. బాల్డ్‌విన్ నది వచ్చి కలిసేది ఈ పీర్ మార్కెట్‌లోనే. అమెరికా నదుల్లో బ్రౌన్ ట్రౌట్ మొదట అడుగుపెట్టింది అక్కడే.

మా చేపవి నల్లచుక్కలే కాబట్టి చార్ కాదు. ఇక్కడే చాలామంది రంగు చూసి పేరు చెప్పేస్తారు. రంగును నమ్మకూడదు. సరస్సులో తిరిగేటప్పుడు ఇవన్నీ వెండిలా ఉంటాయి. గుడ్లు పెట్టే కాలం దగ్గర పడేకొద్దీ చినూక్ ముదురు గోధుమ రంగుకు, కోహో ఎరుపుకు, బ్రౌన్ పసిడి రంగుకు తిరుగుతాయి. ఒకే చేప ఆగస్టులో ఒకలా, అక్టోబరులో ఇంకోలా కనిపిస్తుంది. గోదావరి ఒడ్డున పెరిగినవాళ్లకు ఇది కొత్తేం కాదు. సముద్రంలో ఉంటే విలస, వరదనీటికి ఎదురీది గోదావరిలోకొస్తే పులస. స్టీల్‌హెడ్, రెయిన్‌బో ట్రౌట్ కూడా అలాగే ఒకే జాతి. ఏటిలోనే ఉండిపోయింది రెయిన్‌బో, పెద్ద నీళ్లకు పోయి తిరిగొచ్చింది స్టీల్‌హెడ్.

మారనిది ఒకటుంది. పొట్ట కింద, మలద్వారం వెనక, తోకకు ముందుండే రెక్క. నేనైతే అన్నిటికంటే దాన్నే నమ్ముతాను. గొడుగు గుడ్డను ఊచలు పట్టి ఉంచినట్టు ఈ రెక్క పొరను సన్నటి పుల్లలు పట్టి ఉంచుతాయి. బొటనవేలు, చూపుడువేలు మధ్య దాని ముందు అంచు పట్టుకుని మెల్లగా లాగితే విసనకర్రలా విచ్చుకుంటుంది. ముందు ఆకారం చూడాలి. ఒంటికి అతుక్కున్న మొదలు పొడుగ్గా ఉండి, కిందికి వేలాడే లోతు తక్కువైతే పసిఫిక్ సాల్మన్. మొదలు పొట్టిగా, లోతు ఎక్కువగా ఉంటే ట్రౌట్, లేదా అట్లాంటిక్ సాల్మన్.

తర్వాత పుల్లలు లెక్కపెట్టాలి. అంచు దగ్గర ప్రతి పుల్లా చీలి రెండు మూడుగా కనిపిస్తుంది, అక్కడ లెక్కపెడితే తప్పుతుంది. మొదలు దగ్గరే లెక్కపెట్టాలి. ముందున్న గిడసబారిన పొట్టి పుల్లల్ని వదిలెయ్యాలి. చివర ఒకే మొదలు నుంచి వచ్చిన జంటను ఒకటిగానే ఎంచాలి. చినూక్‌కు 15 నుంచి పైకి, కోహోకు 12 నుంచి 15, స్టీల్‌హెడ్‌కు సాధారణంగా 10 నుంచి 12, బ్రౌన్‌కు 9 లేదా 10. బావ ఒకసారి, నేను ఒకసారి లెక్కపెట్టాం. ఇద్దరికీ 10 వచ్చింది.

"అయితే కింగ్ కాదా?"

"కాదు బావా. నోరు కూడా చూద్దాం."

ఫోర్సెప్స్‌తో గాలం తీసేటప్పుడే నోరు తెరిచి చూడొచ్చు. చినూక్‌కు పళ్ల మొదళ్లలో చిగుళ్లు సహా అంతా నలుపు. కోహోకు లోపల ముదురుగా ఉన్నా పళ్ల చుట్టూ చిగురు బూడిద రంగు. ట్రౌట్లకు లోపలంతా తెలుపు. మా చేప నోరు తెల్లగా ఉంది. అంటే పుల్లలూ నోరూ ఒకే మాట చెప్పాయి.

తోకతో ఇంకో పేరు పోయింది. స్టీల్‌హెడ్ తోక నిండా చుక్కలు వరసలు కట్టి ఉంటాయి. చినూక్‌కు రెండు భాగాల్లోనూ, కోహోకు పై భాగంలో మాత్రమే ఉంటాయి. మా చేప తోకలో పై అంచున రెండు మూడు మరకలు తప్ప ఏమీ లేవు.

ఇక మిగిలినవి రెండే: బ్రౌన్ ట్రౌట్, అట్లాంటిక్ సాల్మన్. వెండి రంగులో ఉన్నప్పుడు ఈ రెండూ అనుభవం ఉన్నవాళ్లను కూడా తికమక పెడతాయి. హ్యూరన్ సరస్సు వైపు అట్లాంటిక్ ఎక్కువగా దొరుకుతుంది, అయినా చోటును బట్టి తేల్చెయ్యకూడదు. పైదవడ ఎముక ఎక్కడ ఆగిందో చూడాలి. కంటి వెనక అంచు కిందే ఆగితే అట్లాంటిక్ వైపు మొగ్గు, కంటిని బాగా దాటితే బ్రౌన్. పెద్ద మగచేపలకు దవడ సాగుతుంది కాబట్టి ఇదొక్కటే చాలదు. అంగిలి నడుమ పళ్లు వంకరటింకరగా రెండు వరసల్లో ఉంటే బ్రౌన్, కొద్దిపాటి పళ్లు ఒకే వరసలో ఉంటే అట్లాంటిక్. తోక మొదలు దగ్గర అట్లాంటిక్ సన్నగా ఉంటుంది, అక్కడ పట్టుకుంటే పిడిలా చేతికి ఆగుతుంది. బ్రౌన్‌కు అక్కడ దళసరి, పట్టుకుంటే జారిపోతుంది.

బావ తడిచేత్తో తోక మొదలు పట్టుకున్నాడు. సబ్బుముక్కలా జారింది. దవడ కంటిని దాటి బొటనవేలి గోరంత వెనక్కిపోయింది. కండరెక్క అంచున నారింజరంగు గీత సన్నగా కనిపించింది. మొప్పల దగ్గర ఒకటి రెండు చుక్కల చుట్టూ లేత వలయం కూడా ఉంది.

"బ్రౌన్," అన్నాడు బావే.

నాలుగు ఫొటోలు తీశాం: పూర్తి పక్కభాగం, తోక విప్పి, తెరిచిన నోరు, విచ్చిన కింది రెక్క. ఇంటికెళ్లాక అనుమానమొస్తే పనికొచ్చేవి ఈ నాలుగే, చేపను గుండెకెత్తుకుని నవ్వే ఫొటోలో పుల్లలు కనిపించవు. తర్వాత వల అంచు కిందికి వంచాం. కాసేపు మొప్పలాడిస్తూ మా కాళ్ల మధ్యే నిలబడింది. తోక ఒక్కసారి కొట్టి లోతు వైపు వెళ్లిపోయింది. బావ చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి తేదీ వేసి రాసుకున్నాడు: బ్రౌన్ ట్రౌట్, మూరన్నర, పది పుల్లలు.