పూటకూళ్ల యింటివరకు

పఠన భాగము: లూకా 10:30–37



త్రాగుడును గూర్చిన బోధ వినని సంఘము లేదు. సామెతలు 23వ అధ్యాయపు చివరి భాగమును మనము అనేక పర్యాయములు చదివితిమి. జ్ఞాని అక్కడ త్రాగుబోతును గద్దించుటతో సరిపెట్టుకొనలేదు. వాని కన్నుల యెఱ్ఱదనమును, కారణము తెలియని దెబ్బలను, కన్నులకు కనబడు వింతలను, మేల్కొనినతోడనే మరల దానినే వెదకుటను వైద్యునివలె వర్ణించెను. త్రాగుడు పాపమనుట నిజమే. అది దేహమును పట్టుకొను వ్యాధియు నైయున్నది.

ఈ సంగతిని మేము ఆలస్యముగా నేర్చుకొంటిమి. కొన్ని సంవత్సరముల క్రిందట, దినమంతయు త్రాగుచుండిన ఒక సహోదరుడు ఉజ్జీవ కూటములో కన్నీటితో లేచి, ఇక ముట్టనని ప్రమాణము చేసెను. మేము ప్రార్థించి సంతోషముతో ఇంటికి పంపితిమి. మరునాడు అతని చేతులు వణకెను, ఒళ్లంతయు చెమటలు పట్టెను. ఇంటివారు "ప్రార్థన చేయండి అయ్యగారూ" అనగా ప్రార్థించితిమే గాని ఆసుపత్రి మాట తలపెట్టలేదు. రెండవ రాత్రి మూర్ఛలు వచ్చెను. తెల్లవారుజామున ఆటోలో ఆసుపత్రికి చేర్చగా దేవుని కృపవలన బ్రతికెను. "మానుట మంచిదే, మాన్పించిన తీరు ప్రమాదము" అని వైద్యుడు మాతో చెప్పెను. ఆ మాట మమ్మును నేటికిని గుచ్చుచున్నది.

కారణమేమనగా, ఏండ్ల తరబడి అధికముగా త్రాగువాని మెదడు మత్తుకు అలవాటుపడి, దానిని ఎదుర్కొనుచు పనిచేయును. మత్తు హఠాత్తుగా ఆగినప్పుడు ఆ వేగము అదుపు తప్పును. మొదటి దినమున వణుకు, చెమట, వాంతులు. సాధారణముగా 48 గంటలలోపల మూర్ఛ. రెండవ దినము మొదలు నాలుగవ దినము వరకు జ్వరము, మతిభ్రమ రావచ్చును. త్రాగువారందరికి ఇట్లు జరుగదు గాని, జరిగినవానికి చికిత్స లేనియెడల ప్రాణము పోవచ్చును. ఆసుపత్రిలో శాంతపరచు మందులిచ్చి, కొన్ని దినములలో వాటిని క్రమముగా తగ్గింతురు. బి1 విటమినును ఇత్తురు.

కల్లు విషయములోను ఇట్లే. కొన్ని దుకాణములలో కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం వంటి మత్తుమందులు కలుపుచున్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వలన దుకాణములు మూతపడగా, కల్లు దొరకక వణుకుతోను మతిభ్రమతోను అనేకులు హైదరాబాదు ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాలకు వచ్చిరి.

ఇప్పుడు సమరయుని చూడుడి. గాయపడినవానిని నీవు ఆ దారిని ఎందుకు వచ్చితివని అడుగలేదు. గాయములు కట్టి, తన వాహనముపై ఎక్కించి, పూటకూళ్ల యింటికి చేర్చి, ఖర్చు పెట్టుకొని, మరల వచ్చెదనని చెప్పెను. మన సంఘము చేయవలసినదియు ఇదే.

1. మానుటకు సిద్ధపడినవానిని మొదట ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొనిపోవుడి. పెద్దలలో ఒకరు వెంట నుండవలెను. 14446 అను ఉచిత ఫోను నంబరున సలహా దొరకును. గదిలో పెట్టి తాళము వేయకుడి.

2. ప్రకటనలు చూచి అన్నములో రహస్యముగా మందు కలుపకుడి. డైసల్ఫిరాం అను మందు కడుపులో నుండగా త్రాగినయెడల ప్రాణాపాయము కలుగవచ్చును. రోగికి తెలిసి, వైద్యుడు చెప్పినప్పుడే దానిని వాడవలెను.

3. మరల పడిపోయినవానిని వెలివేయకుడి. ఈ వ్యాధిలో మరల పడుట తరచుగా జరుగును. అతని భార్యాబిడ్డలను కూడ దర్శించుడి.

4. పెండ్లి ఊరేగింపులలోను ఎన్నికల దినములలోను మన పిల్లవాండ్ర చేతికి మొదటి గ్లాసు అందించువారు తరచుగా మనవారే. అక్కడనే అడ్డుపడుడి.

ఆ సహోదరుడు రెండు పర్యాయములు పడి లేచెను. నేడు ఆదివారము గుడి గంట కొట్టువాడు అతడే.

ఆలోచించుడి: మన వీధిలో దెబ్బతిని పడియున్నవాడెవడు? ఈ నెలలో అతనిని పూటకూళ్ల యింటివరకు చేర్చువారెవరు? మరల చూడవచ్చువారెవరు?